తెర మీద మూడు మిల్లీమీటర్లు, చెక్కలో నాలుగు

విశాఖ రేవుకు వచ్చే ఓడలు వాడే సముద్రపటం మీద లోతులన్నీ అంకెల్లో ఉంటాయి. ఆ అంకె ఈ పూట అక్కడ ఎన్ని నీళ్లున్నాయో చెప్పదు. ఆటు వేళ నీరు మామూలుగా అంతకంటే కిందికి దిగదు అనుకునే ఒక మట్టాన్ని సున్నాగా పెట్టుకుని, అక్కడి నుంచి సముద్రపు అడుగు ఎంత కిందుందో చెబుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఇక్కడ ఆటుపోట్ల తేడా మీటరున్నర దాకా ఉంటుంది. సున్నా ఎక్కడుందో తెలియనివాడికి ఆ లోతు అంకెతో ఒరిగేదేమీ లేదు. సున్నాల విషయంలో ఈ ఊరికి పాత పేరే ఉంది. దేశమంతటా కొలిచిన ఎత్తులను సర్వే ఆఫ్ ఇండియా 1909లో ఒక్క లెక్కకు తెచ్చినప్పుడు, సగటు సముద్రమట్టం కోసం తొమ్మిది తీర కేంద్రాలను ఆధారంగా తీసుకుంది. కరాచీ, బొంబాయి, మద్రాసులతో పాటు విశాఖపట్నం వాటిలో ఒకటి.

రేవులో లోతు మారిందంటే మూడు చోట్ల వెతకాలి. నీటిమట్టం మారి ఉండాలి. లేదా అడుగున ఇసుకా ఒండ్రూ పేరుకుని ఉండాలి. ఆ పూడిక తీత ఎంత ఎడతెగని పనో, డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి వేరే చెప్పక్కర్లేదు. అదీ కాకపోతే ఓడే దిగి ఉండాలి. లోతు తక్కువున్న కాలువలో జోరుగా నడిచే ఓడ, నిలబడి ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ మునుగుతుంది. కంప్యూటర్ ఆజ్ఞలతో చెక్క మీద చెక్కే, బల్ల మీద పెట్టుకునే చిన్న సీఎన్‌సీ రౌటర్‌లో లోతు తప్పినా వెతకాల్సిన చోట్లు ఈ మూడే: సున్నా కదిలిందా, చెక్క కదిలిందా, చెక్కే బిట్టు కదిలిందా. అయితే చాలామంది ముందుగా వెళ్లేది నాలుగో చోటికి, సాఫ్ట్‌వేర్ సెట్టింగులకు. అక్కడ అంకెలు మార్చడం తేలిక. స్క్రూడ్రైవర్ పట్టుకోనక్కర్లేదు కదా.

ఈ యంత్రాలు ఇప్పుడు ఊళ్లో బాగానే కనిపిస్తున్నాయి. గాజువాక వైపు షెడ్లలో తలుపుల మీద లతలు చెక్కే పెద్దవి ఉన్నాయి, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో మధ్యరకం ఉన్నాయి, అపార్టుమెంటు బాల్కనీల్లో బొమ్మలాంటి చిన్నవి ఉన్నాయి. చిన్నవాటిలో ఎక్కువగా అమ్ముడయ్యేదాన్ని 3018 అంటారు. చెక్కగలిగే స్థలం 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి ఆ పేరు. ఇంటి పేరు పలక, దేవుడి బొమ్మ, చిన్న సర్క్యూట్ బోర్డు దాని పనులు. ఫిర్యాదు మాత్రం అన్ని సైజుల వాళ్లదీ ఒకటే. మూడు మిల్లీమీటర్లు చెక్కమంటే మొదటి అక్షరం మూడే దిగుతుంది, పలక చివరికొచ్చేసరికి నాలుగు దిగుతుంది. లేదా ఎడమ పక్క సరిగ్గా వస్తుంది, కుడి పక్క గీత పడీ పడనట్టు ఉంటుంది. తెర మీద చూస్తే 3.000 అని మూడు దశాంశాలతో నిబ్బరంగా కనిపిస్తుంది.

చిక్కంతా ఆ నిబ్బరంలోనే ఉంది. తెర మీది అంకె కొలత కాదు. యంత్రం చెక్కను చూడదు, బిట్టు కొసను చూడదు, ఎంత దిగిందో ఎక్కడా కొలవదు. దానికి తెలిసిందల్లా తను మోటారుకు ఎన్ని అడుగులు వెయ్యమని చెప్పిందన్నదే. ఈ యంత్రాల్లో ఉండే స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది, అంటే అడుగుకు 1.8 డిగ్రీలు. డ్రైవర్ చిప్పు ఒక్కో అడుగును మళ్లీ 16 ముక్కలు చేస్తుంది. మోటారుకు తగిలించిన మరకడ్డీ ఒక చుట్టు తిరిగితే బిట్టును మోసే తల 4 మిల్లీమీటర్లు దిగుతుంది. 200ను 16తో హెచ్చించి 4తో భాగిస్తే 800. ఒక్కో ముక్కకు ఒక పల్సు చొప్పున మిల్లీమీటరుకు 800 పల్సులన్నమాట. మూడు మిల్లీమీటర్లు దిగాలంటే 2,400 పల్సులు పంపి, పని అయిపోయిందని యంత్రం నమ్ముతుంది. వాటిలో ఒక్కటీ కడ్డీ దాకా చేరకపోయినా దానికి తెలియదు. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రామే ఈ చిన్న యంత్రాల్లో ఎక్కువవాటిని నడుపుతుంది. అది చేసేది ఆజ్ఞాపించడం. తిరిగి వచ్చి సంగతి చెప్పేవాడు దానికి లేడు.

కాబట్టి సాక్ష్యం తెర మీద దొరకదు, చెక్క మీద దొరుకుతుంది. తప్పు ఎంత అన్నదాని కంటే అది ఏ తీరున వచ్చిందన్నది ముఖ్యం. క్రమంగా పెరిగిందా, ఒక్కసారిగా మెట్టులా దిగిందా, మొదటి నుంచీ ఒకేలా ఉందా, పలకలో ఒక మూలకే పరిమితమా? ఈ నాలుగు తీర్లకూ దోషులు వేర్వేరు. పాడైన పలకను విసుగుతో పొయ్యిలో పెట్టేముందు దాని మీద నాలుగైదు చోట్ల వర్నియర్‌తో లోతు కొలిచి, చెక్కిన వరుసలో పక్కనే పెన్సిల్‌తో రాసుకోవాలి. సగం రోగనిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎక్కువగా ఎదురయ్యేది, జనాన్ని ఎక్కువగా తికమకపెట్టేది క్రమంగా లోతు పెరగడం. దీనికి ఇద్దరు పాత అనుమానితులు ఉన్నారు. మొదటిది కాలెట్, అంటే బిట్టు కాడను పట్టుకునే చీలికల గొట్టం. చెక్క పనికి వాడే మెలిక బిట్లలో ఎక్కువ రకం పొట్టును పైకి ఎత్తిపోస్తాయి. పొట్టు పైకి వెళ్తుంటే దానికి ప్రతిచర్యగా బిట్టు కిందికి లాగబడుతుంది. తిరుగుతున్న మర చెక్కలోకి తనంతట తాను పాకినట్టే. కాలెట్ పట్టు కాస్త సడలితే ఒక్కో దెబ్బకూ వెంట్రుకవాసి చొప్పున బిట్టు కిందికి జారుతుంది, లోతు పెరుగుతూ పోతుంది. పొట్టును కిందికి అదిమే రకం బిట్టు పెడితే ఇదే జబ్బు తిరగబడుతుంది. అప్పుడు బిట్టు పైకి నెట్టబడి, గీతలు రానురాను పలచబడతాయి.

పట్టు సడలడానికి కారణాలు చిన్నవి. బజారులో దొరికే బిట్ల కాడలు కొన్ని మిల్లీమీటర్ల లెక్కలో, కొన్ని అంగుళాల లెక్కలో వస్తాయి. 6 మిల్లీమీటర్ల కాడ, పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్ల కాడ చేతిలో ఒకేలా కనిపిస్తాయి. బిట్టును తిప్పే స్పిండిల్‌కు బదులు ట్రిమ్మర్ మోటారు బిగించుకున్న యంత్రంలో పావు అంగుళం కాలెట్‌లో 6 మిల్లీమీటర్ల కాడ పెట్టి ఎంత బిగించినా అది నిజంగా బిగియదు. ఈఆర్11 రకం కాలెట్ అయితే దాన్ని ముందు నట్టులో టక్కున పడేలా ఇరికించి, ఆ తర్వాతే స్పిండిల్‌కు ఎక్కించాలి. విడిగా లోపల వేసి పైన నట్టు తిప్పేవాళ్లకు బిట్టు ఊగుతుంది, జారుతుంది కూడా. లోపల చేరిన పొట్టు, కాడకు అంటిన నూనె, కాలెట్ పొడవులో సగం కూడా నిండని కాడ, ఇవన్నీ ఆ జారుడుకు తలో చెయ్యీ వేస్తాయి.

రెండో అనుమానితుడు మోటారే. అడుగులు తప్పుతుంది. బిట్టును చెక్కలోంచి లేపి మరో చోట దించే ప్రతిసారీ తల పైకి వెళ్లాలి, కిందికి రావాలి. కిందికి రావడానికి బరువు తోడుంటుంది, పైకి వెళ్లేటప్పుడు అదే బరువును మొయ్యాలి. యంత్రంతో వచ్చిన చిన్న మోటారును పీకేసి భారీ స్పిండిల్ పెట్టుకున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. పైకి లేచేటప్పుడు మోటారు నాలుగడుగులు తప్పితే, యంత్రం 5 మిల్లీమీటర్లు లేచాననుకుంటుంది కానీ అంత లేవదు. తర్వాత దిగాల్సినంతా దిగుతుంది. ఫలితం, ప్రతి ఎత్తుకూ లోతు కొంచెం పెరగడం. దిగేటప్పుడే అడుగులు తప్పితే, అంటే గట్టి చెక్కలోకి తొందరగా గుచ్చినప్పుడు, తప్పు తిరగబడి గీతలు పైపైన పడతాయి. లోతు ఏ వైపు తప్పిందో చూస్తే మోటారు ఏ ప్రయాణంలో తడబడిందో తెలిసిపోతుంది.

అడుగులు తప్పడానికి ఒక గుర్తుంది, తెలిసినవాళ్లు తక్కువ. ఈ మోటారు లోపలి రోటరుకు 50 పళ్లుంటాయి. అది పట్టు తప్పితే ఎక్కడపడితే అక్కడ ఆగదు, పక్క పంటిలో పడుతుంది. 360 డిగ్రీలను 50తో భాగిస్తే 7.2 డిగ్రీలు, అంటే నాలుగు పూర్తి అడుగులు. చుట్టుకు 4 మిల్లీమీటర్లు దిగే కడ్డీ మీద అది 0.08 మిల్లీమీటర్లు. కాబట్టి అడుగులు తప్పిన యంత్రంలో స్థానం 0.08, 0.16, 0.24 అంటూ మెట్లుగానే తప్పుతుంది; 0.03 తప్పదు. సూక్ష్మ కదలికలు కొలిచే డయల్ గేజి ముల్లు చూపే తేడా ఈ గుణకాల్లో పడుతుంటే దోషి మోటారని గట్టిగా అనుమానించవచ్చు. కాలెట్ జారుడుకు ఇలాంటి క్రమశిక్షణ లేదు, అది ఇష్టమొచ్చినంత జారుతుంది.

ఇద్దరినీ విడదీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, మార్కర్ పెన్ను చాలు. పని మొదలుపెట్టే ముందు కాలెట్ నట్టు అంచుకు ఆనించి బిట్టు కాడ మీద సన్నని గీత గియ్యాలి. మోటారు ఇరుసునూ మరకడ్డీనీ కలిపే కప్లింగ్ మీద కూడా, ఇరుసును దాటి కప్లింగ్ మీదికి వచ్చేలా ఒక గీత. పనయ్యాక కాడ మీది గీత నట్టు నుంచి కిందికి జరిగి ఉంటే కాలెట్ దొరికింది. కప్లింగ్ దగ్గర గీత రెండు ముక్కలై పక్కకు తప్పుకుని ఉంటే ఇరుసును కప్లింగ్‌లో బిగించే గ్రబ్ స్క్రూ వదులైంది. రెండూ చెక్కుచెదరకుండా ఉండి, తలను మొదటి సున్నా చోటికే పంపినప్పుడు బిట్టు కొస పాత ఎత్తుకు రాకపోతే, అడుగులు తప్పాయి. అప్పుడు జీఆర్‌బీఎల్‌లో నిలువు వేగాన్ని చూసే $112, త్వరణాన్ని చూసే $122 రెండింటినీ సగానికి తగ్గించి మళ్లీ చూడాలి. జబ్బు పోతే కారణం తెలిసినట్టే.

కప్లింగ్ గురించి ఇంకో మాట. చౌక యంత్రాల్లో ఉండే స్ప్రింగులా కోసిన అల్యూమినియం కప్లింగ్ నిలువు బరువును మొయ్యడానికి చేసింది కాదు. ఇరుసులు కాస్త వంకరగా ఉన్నా కలిపి తిప్పడం దాని పని. పైన మరకడ్డీ బరువును మోసే బేరింగు లేకపోతే తల మొత్తం ఆ స్ప్రింగుకే వేలాడుతుంది. గుచ్చినప్పుడు నొక్కుకుంటుంది, లాగినప్పుడు సాగుతుంది. ఆటోనగర్‌లో ఏ లేత్ మేస్త్రికి చూపించినా తలను పట్టుకుని పైకీ కిందికీ ఒకసారి ఊపి, "ప్లే ఉంది బాబూ" అంటాడు. ఆ ఊపే మొదటి పరీక్ష. అరిగిన ఇత్తడి నట్టు ఉన్నా, పట్టాల మీద తిరిగే చక్రాలు వదులైనా అదే ఊపులో తెలిసిపోతాయి.

ఒక్కసారిగా మెట్టులా దిగే లోతు వేరే కథ. అరగంట సవ్యంగా నడిచి, మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదలైనప్పటి నుంచి లోతు మారితే, ఆ ఆగినప్పుడు ఏం జరిగిందో చూడాలి. జీఆర్‌బీఎల్‌లో $1 అనే సెట్టింగు కదలిక ఆగాక మోటార్లకు కరెంటు ఎంతసేపు ఉంచాలో చెబుతుంది. మామూలుగా అది 25 మిల్లీసెకన్లు. ఆ తర్వాత మోటారు వదిలేస్తుంది. వదిలేసిన తలను నిలబెట్టేది మరకడ్డీ రాపిడి ఒక్కటే. చుట్టుకు 2 మిల్లీమీటర్లు దిగే కడ్డీ బరువుకు జారదు. 8 మిల్లీమీటర్లది జారుతుంది. 4 మిల్లీమీటర్లది అటూ ఇటూ కాని బాపతు. స్పిండిల్ కంపిస్తుంటే జారవచ్చు. $1 దగ్గర 255 అని రాస్తే మోటార్లు ఎప్పుడూ పట్టు వదలవు. కొంచెం వేడెక్కుతాయి, అంతే.

వేడి కూడా మెట్టుకు కారణమే. మే నెలలో బాల్కనీలో, గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో ఇమిడ్చిన డ్రైవర్ చిప్పు హద్దు దాటి కాగితే తనను తాను కాపాడుకోవడానికి క్షణంపాటు ఆగిపోతుంది. ఆ క్షణంలో తల దిగవచ్చు, అడుగులు పోవచ్చు. తర్వాత ఏమీ జరగనట్టు పని సాగుతుంది. చిప్పు మీదికి చిన్న ఫ్యాను తిప్పడం మందు. ఇక కరెంటు పోయి వస్తే సంగతి సూటిగానే ఉంటుంది. మీరు పెట్టుకున్న సున్నా అంకెను యంత్రం మెమరీలో దాచుకుంటుంది కానీ, ఇప్పుడు తల ఎక్కడుందో దానికి తెలియదు. లిమిట్ స్విచ్‌లు లేని చిన్న యంత్రం, కరెంటు వచ్చిన క్షణంలో తల ఎక్కడుంటే అదే మూలం అనుకుంటుంది. దాచిన సున్నాను అప్పుడు నమ్మితే బిట్టు బల్లలోకే దిగవచ్చు.

ఇంతవరకూ బిట్టు కదలడం గురించి. చెక్క కదలడం విశాఖలో ఇంకా పెద్ద విషయం, ఎందుకంటే ఇక్కడ గాలిలోనే నీళ్లుంటాయి. సాపేక్ష ఆర్ద్రత ఏడాదిలో చాలాకాలం 70, 80 శాతం మధ్య ఉంటుంది. చెక్క ఎప్పుడూ తన చుట్టూ ఉన్న గాలితో తేమ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. 80 శాతం ఆర్ద్రతలో వారాల తరబడి ఉన్న పలకలో దాని పొడి బరువులో దాదాపు 15 శాతం నీరుంటుంది. 50 శాతం ఆర్ద్రత ఉండే ఏసీ గదిలో అది 9 దగ్గర స్థిరపడుతుంది. టేకు పూర్తిగా ఆరినప్పుడు వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. చెక్కల్లో టేకు ఎంతో నిలకడైనది, అయినా ఇంత. ఆరు శాతం తేమ మార్పుకు ఇందులో అయిదో వంతు వస్తుందనుకుంటే, 20 మిల్లీమీటర్ల టేకు పలక మందం, కోసిన తీరును బట్టి 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లకు పైగా మారుతుంది. నిన్న రాత్రి పెట్టుకున్న సున్నా ఇవాళ్టి పలకకు సున్నా కాదు.

మందం మారడం కంటే వంగడం ప్రమాదం. పలక పైముఖం ఫ్యాను గాలికి ఆరుతూ, కిందిముఖం బల్లకు అతుక్కుని తేమగా ఉంటే పైముఖం కుంచించుకుని అంచులు లేస్తాయి, నడుమ గుంట పడుతుంది. కొసల్లో క్లాంపులు బిగిస్తే కొసలు దిగి నడుమ కాస్త పైకి పొంగడమూ ఉంది. అంచుల్లో లోతుగా, నడుమ పైపైన, లేదా దానికి ఎదురుగా వచ్చే తప్పు ఇదే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసేవాళ్లు కర్రను ఆరబెట్టాకే లేత్‌కు ఎక్కిస్తారు.  వాళ్లకు ఈ శాస్త్రమంతా చేతి వేళ్లలో ఉంది. టింబర్ డిపో నుంచి పలక తెచ్చిన సాయంత్రమే చెక్కడం మొదలుపెట్టేది మన హాబీ ఇంజనీర్లే.

పలక కింద ఉండే ఎమ్‌డీఎఫ్ బల్లను మరిచిపోతారు. బిట్టు పొరపాటున దిగినా పరవాలేదని వేసే ఈ త్యాగపు పలక నొక్కిపెట్టిన పీచు. తేమ తగిలితే మందంలో ఉబ్బుతుంది, అంచుల దగ్గర, బిట్టు గాట్లు పడిన చోట మరీను. ఉబ్బింది ఆరాక కూడా పూర్తిగా పాత మందానికి రాదు. వానాకాలం మొదట్లో ఒకసారి, చలికాలం మొదట్లో మరోసారి వెడల్పాటి బిట్టుతో బల్ల పైముఖాన్ని పలచగా చదును చేసుకుంటే యంత్రం కదిలే తలానికే బల్ల సమాంతరమవుతుంది. నీటి మట్టపు గొట్టంతో బల్లను సరిచేయడం ఇక్కడ పనికిరాదు. భూమికి సమంగా ఉండటం వేరు, యంత్రానికి సమంగా ఉండటం వేరు.

పలకదా, యంత్రానిదా తప్పు అని తేల్చడానికి అందరికీ అందుబాటులో ఉన్న పరీక్ష ఒకటుంది. పలకను తీసి, 180 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించి, నాలుగు మూలలా ఒక్కో చిన్న గుంట అదే లోతుకు చెక్కించాలి. పైపైన చెక్కిన మూల పలకతో పాటు తిరిగి అటు పక్కకు వెళ్తే తప్పు పలకది. యంత్రంలో ఏ మూలలో ఉందో ఆ మూలలోనే ఉండిపోతే తప్పు బల్లది, లేదా పట్టాలది. సర్క్యూట్ బోర్డులు చెక్కేవాళ్లకు మూలకూ మూలకూ మధ్య ఉండే ఈ లోతు తేడా ప్రాణాంతకం. రాగి పొర మందం 35 మైక్రాన్లు, వెంట్రుక మందమైనా లేదు. అందుకే వాళ్లు చెక్కే ముందు బోర్డు మీద గళ్లుగళ్లుగా బిట్టు కొసతో తడిమి ఎగుడుదిగుళ్ల పటం తయారుచేయించి, దానికి తగ్గట్టు లోతును సవరించే ప్రోగ్రాము వాడతారు. వీ ఆకారపు బిట్టుతో అక్షరాలు చెక్కేవాళ్లకూ దయ ఉండదు. 90 డిగ్రీల కొస ఉన్న బిట్టు 0.1 మిల్లీమీటరు ఎక్కువ దిగితే గీత వెడల్పు 0.2 పెరుగుతుంది. లోతు తప్పును కన్ను పట్టుకోలేదు కానీ, ఒక అక్షరం సన్నగా మరో అక్షరం లావుగా ఉంటే ఎవరి కన్నైనా పట్టేస్తుంది.

ఇక యంత్రం చట్రం. ఉక్కు నగరంలో ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో బిల్లెట్లను కడ్డీలుగా, తీగలుగా ఒత్తే రోలింగ్ మిల్లులున్నాయి. ఏ రోలింగ్ మిల్లులోనైనా రోలర్ల మధ్య ఎంత సందు పెడితే సరుకు అంత మందాన రాదు, ఎక్కువ వస్తుంది. మధ్యలో నలుగుతున్న ఉక్కు రోలర్లను దూరం నెడుతుంది. ఆ నెట్టుడుకు మహాకాయమైన స్టాండు కూడా సాగుతుంది. దీన్ని మిల్ స్ప్రింగ్ అంటారు. పెట్టిన సందుకు, బలాన్ని స్టాండు బిగువుతో భాగిస్తే వచ్చే సాగుడును కలిపితే అసలు మందం వస్తుంది. ఆ స్టాండు ఒక్క మిల్లీమీటరు సాగాలంటే వందల టన్నుల బలం కావాలి. మన బల్ల మీది యంత్రానికి అంత శ్రమ అక్కర్లేదు. స్పిండిల్‌కు డయల్ గేజి ఆనించి వేలితో నొక్కండి, ముల్లు కదలడం చూస్తారు. సూత్రం ఒకటే, బిగువులో తేడా.

చట్రం వంగడం వల్ల వచ్చే తప్పు బలాన్ని బట్టి మారుతుంది. మెత్తటి చోట ఒక లోతు, ముడి దగ్గర మరో లోతు. మొండి బిట్టుతో ఒకటి, కొత్త బిట్టుతో ఇంకొకటి. దీన్ని పట్టుకోవడానికి అదే ప్రోగ్రామును, ఏమీ మార్చకుండా, అదే గీత మీద రెండోసారి నడపాలి. ఈసారి చెక్కాల్సింది దాదాపు ఏమీ లేదు కాబట్టి బలం ఉండదు, చట్రం వంగదు. అయినా బిట్టు ఇంకా పొట్టు తీస్తుంటే మొదటిసారి చట్రం వంగి బిట్టును పైకి ఎత్తిందన్నమాట. గాలిలో తిరిగి ఊరుకుంటే వంగుడు కాదు, స్థానమే తప్పింది. వంగుడుకు మందు కూడా ఇందులోనే ఉంది: ఒక్కో పొరను తక్కువ లోతున తీసి, చివర ఒక పలచటి పొర మిగుల్చుకోవడం.

వేడికి లోహం పెరగడం వల్లనే తప్పు వచ్చిందని సిద్ధాంతం చెప్పేవాళ్లు తగులుతుంటారు. లెక్క వేసి చూద్దాం. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది. యంత్రంలోని 20 సెంటీమీటర్ల నిలువు పలక 20 డిగ్రీలు కాగితే 0.09 మిల్లీమీటర్లు. సర్క్యూట్ బోర్డుకు ఇది పెద్ద సంగతే. పేరు పలక ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగిందంటే మాత్రం ఎండను నిందించడం అన్యాయం. ఏ కారణం ఎంత తప్పు చేయగలదో తెలిస్తే సగం మంది అనుమానితులను గుమ్మంలోంచే పంపేయవచ్చు.

మొదటి నుంచి చివరి దాకా ఒకే మేర తప్పితే సున్నాదే తప్పు. బిట్టు మార్చి సున్నా మళ్లీ పెట్టకపోవడం, సున్నా వెతకడానికి పెట్టే ప్రోబ్ ప్లేటు మందాన్ని తప్పుగా రాయడం, బిట్టు కింద కాగితం జారుడు చూసి సున్నా పెట్టి ఆ కాగితపు 0.1 మిల్లీమీటరును మరిచిపోవడం. డిజైన్‌లో సున్నా పలక పైముఖమని చెప్పి, యంత్రం దగ్గర బల్ల ముఖానికి పెట్టడం కూడా జరుగుతుంది. 18 మిల్లీమీటర్లని ముద్ర వేసిన ప్లైవుడ్ కొలిస్తే 17 చిల్లర ఉండటం మామూలే కాబట్టి, అడుగు దాకా తెగేలా కోయాల్సిన పనికి బల్ల ముఖమే మంచి సున్నా. అంగుళాలకూ మిల్లీమీటర్లకూ పొరపడితే తప్పు 25 రెట్లుంటుంది. దాన్ని కనిపెట్టడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, చప్పుడే చెబుతుంది.

సముద్రపు గాలి చేసే నిదానపు హాని ఇంకొకటి ఉంది. ఉప్పుతేమకు మరకడ్డీ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. కడ్డీకి పూసిన గ్రీజులో చెక్కపొట్టు, రేవు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము కలిసి గరుకుముద్దగా మారతాయి. అప్పుడు తల ఎప్పుడూ ఒకే ఎత్తు దగ్గర బిగుసుకుని అక్కడే అడుగులు తప్పుతుంది. కరెంటు తీసేసి కడ్డీని చేత్తో తిప్పితే ఆ చోటు వేళ్లకే తెలుస్తుంది. తుడిచి, జిడ్డులేని పొడి లూబ్రికెంటు వాడితే చాలు. కనెక్టరు పిన్నులకు పట్టిన పచ్చటి చిలుముకు కూడా ఒక చూపు పడేయాలి.

ఇంత చూశాకే సెట్టింగుల వంతు. మిల్లీమీటరుకు ఎన్ని పల్సులో చెప్పే $102 మీదికి అందరూ ఎగబడతారు. 10 మిల్లీమీటర్లు చెక్కమంటే 9.7 వచ్చింది కాబట్టి 800ను 10తో హెచ్చించి 9.7తో భాగించి 824.7 అని రాసేస్తారు. పలక సరిగ్గా వస్తుంది, ఆ ఒక్క పలక. చెక్కలో కొలిచిన లోతుతో ఈ అంకెను సరిచేయకూడదు. స్పిండిల్ ఆపి, చెక్క లేకుండా, డయల్ గేజి ఆనించి తలను 2, 5, 10 మిల్లీమీటర్లు కదిలించి చూడాలి. మూడుచోట్లా గాలిలో సరిగ్గా వచ్చి చెక్కలో మాత్రమే తగ్గితే అది వంగుడు, దానికి 824తో సంబంధం లేదు. గాలిలో కూడా కొలతతో పాటు తప్పు పెరుగుతూ ఉంటేనే కడ్డీని అనుమానించాలి. అప్పుడైనా తప్పు మూడు శాతం ఉండదు. చుట్టుకు 2 మిల్లీమీటర్లు దిగే కడ్డీకి 1,600, నాలుగుదానికి 800, ఎనిమిదిదానికి 400. కడ్డీ మారిస్తే లోతు సగమవుతుంది, లేదా రెట్టింపవుతుంది. ఈ మూడింటి మధ్య ఎక్కడో ఒక అంకె అవసరమైందంటే, ఇంకా బిగించని గ్రబ్ స్క్రూ ఒకటి ఎక్కడో ఉంది.